కామాఠిపుర తెలుగు కార్మికులు

ముంబయిలోని కామాఠిపురకు ఆ పేరు కామాఠీల వల్ల వచ్చింది. నిజాం ఇలాకా నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లి, రాళ్లు మోసి, గోడలు కట్టిన తెలుగువాళ్లను అక్కడ అలా పిలిచారు. 18వ శతాబ్దం చివర వాళ్లు స్థిరపడేనాటికి అది పల్లపు బురదనేల. నేడు ఆ పేటను వేశ్యావాటికగానే ఎరిగినవారికి ఈ చరిత్ర అంతగా తెలియదు.

1854లో కావస్జీ దావర్ తొలి నూలు మిల్లుకు పునాది వేశాక నగరం మారింది. పద్మశాలీలు మగ్గం వదిలి మిల్లు బాట పట్టారు. పనిలోకి మనుషుల్ని చేర్చుకునే ముకద్దం దయతలిస్తేనే పని, చాల్ అనే వరుస గదుల ఇంట్లో ఒక్క గదిలోనే పొయ్యి, పడక, చుట్టాలు.

ఈ బతుకుకు పోలిక ఇంగ్లండులో కంటే విప్లవానికి ముందటి రష్యాలోనే ఎక్కువ దొరుకుతుంది. ఇంగ్లిషు కార్మికుడికి వెనక్కి వెళ్లడానికి పల్లె దాదాపు మిగల్లేదు. పీటర్స్‌బర్గ్ కార్మికుల్లో చాలామందికి మాత్రం ఊళ్లో భూమి, కుటుంబం ఉండేవి. కరీంనగర్ నుంచి వెళ్లిన నేతగాడికీ అంతే. చట్టాలూ ఆలస్యంగానే వచ్చాయి. ఆడవాళ్లకు, పిల్లలకు బ్రిటన్ 1847లోనే పది గంటల పరిమితి పెట్టింది. రష్యా 1897లో పదకొండున్నర గంటలు నిర్ణయించింది. భారతదేశంలో జౌళి మిల్లుల మగవాళ్లకు పన్నెండు గంటల హద్దు 1911 చట్టంతో గాని రాలేదు.

1908 జులైలో తిలక్‌కు ఆరేళ్ల శిక్ష పడితే బొంబాయి మిల్లు కార్మికులు ఆరు రోజులు సమ్మె చేశారు. ఆ సమ్మె గురించి లెనిన్ అదే ఏడాది రాశాడు.