కంపెనీ వకీలు రాసిన కడలి న్యాయం

1864లో హేగ్ నగరంలో పాత కాగితాల మధ్య ఒక రాతప్రతి వేలానికి వచ్చింది. దాన్ని విప్పి చూస్తే గుట్టు బయటపడింది. సముద్రం ఎవరి సొత్తూ కాదనీ, అక్కడ చేపలు పట్టే హక్కు అందరిదనీ చాటిన 1609 నాటి ‘మారే లిబెరుమ్’ ఒక వ్యాపార కంపెనీ కోసం రాసిన వాదనలో ఒక అధ్యాయమట! అంతర్జాతీయ సముద్ర న్యాయానికి మూలమని లోకం నెత్తిన పెట్టుకున్నది ఆ పుస్తకాన్నే.

రాసినవాడు హ్యూగో గ్రోషియస్. 1603లో సింగపూర్ దగ్గర డచ్చివాళ్లు బుడతకీచుల ‘సాంతా కతరీనా’ ఓడను సరుకుతో సహా పట్టేశారు. అది దోపిడీ కాదని నిరూపించాలి. ఇరవై దాటిన ఈ కుర్ర వకీలుకు డచ్ ఈస్టిండియా కంపెనీ ఆ పని అప్పగించింది. మనవాళ్లు ఒలందులన్నది వీళ్లనే. ఆ రోజుల్లోనే గోల్కొండ కుతుబ్‌షాహీల అనుమతితో వీళ్లు మచిలీపట్నంలో కోఠీ పెట్టారు. ఇక్కడ బట్టల మూటలు కట్టిస్తూ అక్కడ సముద్రానికి శాస్త్రం రాయించారన్నమాట. కుత్బుల్లాపూర్‌లో కూర్చుని చదివిన నాకు అదో ముచ్చట.

1609లోనే ఇంగ్లండు రాజు జేమ్స్, లైసెన్సు లేని పరదేశీలు తన తీరాన చేపలు పట్టరాదన్నాడు. ఆయన గురి డచ్చివాళ్ల హెర్రింగ్ పడవల మీద. 1613లో స్కాట్లండ్ న్యాయాచార్యుడు విలియం వెల్వుడ్ ఇంకో అడుగు ముందుకేసి, పరాయి పడవల ధాటికి మా తీరంలో చేప తగ్గిపోతోందని రాశాడు. ఆయన పేరు ఈనాడు ఎవరికి తెలుసు? సముద్రంలో చేపకు కొదవ లేదన్న గ్రోషియస్ పక్షమే శతాబ్దాలపాటు చెల్లింది. కూలి వాదన నిలిచింది, కళ్లతో చూసిన మాట మరుగున పడింది.

తరువాతి కథంతా రాజ్యాలదీ నౌకాదళాలదీ; చేపలు పట్టేవాళ్ల గొంతు వినపడటానికి చాలా కాలం పట్టింది. 1984లో రోమ్‌లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్.ఎ.ఓ.) మత్స్య మహాసభ పెడితే, మత్స్యకారులూ వాళ్ల మద్దతుదారులూ అదే ఊళ్లో వేరే సభ పెట్టుకున్నారు. దాని కొనసాగింపే 1986లో తిరువనంతపురంలో పుట్టిన ఐసీఎస్ఎఫ్ అనే మత్స్యకారుల మద్దతు సంస్థ.

ప్రభుత్వాలు కానివాళ్లు సముద్ర న్యాయంలో వేలు పెట్టిన కథల్లో తాబేలుది మరీ తమాషా. రొయ్యల వలల్లో సముద్రపు తాబేళ్లు చిక్కి చస్తున్నాయని ఎర్త్ ఐలండ్ ఇన్‌స్టిట్యూట్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కి గెలిచింది. దాంతో తాబేలు తప్పించుకునే అమరిక లేని వలల్లో పట్టిన రొయ్యలకు 1996 మే నుంచి అమెరికా తలుపులు మూసింది. కూర్మావతారానికి శ్రీకూర్మంలో గుడి ఉన్న మన తీరపు మరపడవలకూ ఆ దెబ్బ తగిలింది. భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాయి. అక్కడికి పర్యావరణ సంఘాలు పిలవని పేరంటంగా వాదనలు పంపాయి. వద్దని మనవాళ్లు అభ్యంతరం చెప్పినా, 1998 అక్టోబరులో అప్పీలు సంఘం అలాంటివి స్వీకరించవచ్చని తేల్చింది. ఇంతకీ ఆ అమరికకు పూర్వరూపం చేసుకున్న జార్జియా రొయ్యల వేటగాడు సింకీ బూన్‌కు తాబేళ్ల ధ్యాసే లేదు. వలనిండా పడే జెల్లీచేపల్ని వదిలించుకోవాలన్నదే అతని బాధ.

2014లో వచ్చిన ఎఫ్.ఎ.ఓ. చిన్నతరహా మత్స్య మార్గదర్శకాల్లో మత్స్యకారుల సంఘాల చేయి ఉంది. అవి చెరువులకూ వర్తిస్తాయి కనుక, 1897లో కట్టిన మా జీడిమెట్ల ఫాక్స్ సాగర్ కూడా లెక్కలోకి వస్తుంది. కాకపోతే అవి స్వచ్ఛందం. పరిశ్రమల మురుగు చెరువులో కలిసినా ఆ మార్గదర్శకాల పేరు చెప్పి ఎవరినీ బోనెక్కించలేం.