ముదునూరు పంక్తి

బెజవాడ నుంచి బందరు వెళ్లే దారిలో ఉయ్యూరు, పామిడిముక్కల చుట్టుపక్కలంతా కాలవల సీమ. వీరంకిలాకు వంటి ఊళ్లు పేరులోనే కాలవ లాకును మోస్తున్నాయి. ఉయ్యూరుకు చేరువలో ఉన్న ముదునూరుకు 1940 ఆగస్టులో ఒక కుటుంబం వచ్చి చేరింది. ఇంటిపెద్ద వృక్షశాస్త్రం చెప్పిన కాలేజీ లెక్చరరు. చేతిలో ఉద్యోగం లేదు. ఊరివాళ్లు రమ్మన్నారు, వచ్చారు. ఆయనే గోపరాజు రామచంద్రరావు, అందరూ పిలిచే పేరు గోరా. ఆయన నడిపిన నాస్తిక కేంద్రం పుట్టింది ఆ పల్లెలోనే.

మనసులో వచ్చిన మార్పును ఊరి మధ్యకు తీసుకురావడం ఈ గడ్డకు అప్పటికే అలవాటు. దివి తాలూకా ముట్నూరులో పుట్టిన ముట్నూరి కృష్ణారావు బ్రహ్మసమాజ భావాలతో పెరిగారు. 1907లో బిపిన్ చంద్రపాల్‌ను ఆంధ్రదేశానికి తీసుకొచ్చి ఊరూరా స్వదేశీ మాట వినిపించారు. ఆ ఏడే కృష్ణాపత్రిక సంపాదకత్వం చేపట్టి, 1945లో కన్నుమూసేదాకా వదల్లేదు. ఆయనకు ఆధ్యాత్మిక చింతన, దేశసేవ వేరు కావు. ఎమ్మే, బీఎల్ చదివిన కోపల్లె హనుమంతరావు వకీలు వృత్తిని పక్కనబెట్టారు. ముట్నూరి, పట్టాభి సీతారామయ్యలతో కలిసి 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల నిలబెట్టారు.

గోరా నడిచింది ఎదురుదారి. ముట్నూరి దైవచింతనతో దేశానికి చేరువైతే, గోరా దేవుణ్ణి వదిలి మనుషులకు చేరువయ్యారు. సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఆయన ప్రతి నమ్మకాన్నీ తన మీదే పరీక్ష పెట్టుకున్నారు. దయ్యాల కొంప అని జనం భయపడే ఇంట్లో కాపురమున్నారు. కడుపుతో ఉన్న ఆడది గ్రహణం చూస్తే బిడ్డకు మొర్రి వస్తుందంటారు. భార్య సరస్వతి గర్భిణిగా ఉండగానే గ్రహణం వేళ బయటికొచ్చారు. బిడ్డ నిక్షేపంగా పుట్టింది. గోరా జంధ్యం తీసేశారు. తండ్రి ఇంటి నుంచి పంపేశారు, కులం వెలివేసింది. నాస్తికత్వం వల్ల కాకినాడలో ఉద్యోగం పోయింది. తర్వాత బందరు హిందూ కాలేజీలో దొరికిన కొలువూ అదే కారణంగా పోయింది.

పిల్లల పేర్లలోకి దేశకాలాలు వచ్చాయి. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టినవాడు లవణం. రెండో ప్రపంచయుద్ధం మొదలైన 1939లో పుట్టినవాడు సమరం.

ముదునూరులో గోరా చేసిన పని నాస్తికోపన్యాసాలతో ఆగిపోలేదు. దళితవాడలో రాత్రిబడి, పెద్దవాళ్లకు అక్షరాలు, అన్ని కులాలూ ఒకే పంక్తిలో కూర్చునే భోజనాలు. కర్మఫలం వల్లనే ఈ బతుకు అనుకునేవాడు ఎదురు తిరగడని ఆయన నమ్మకం. దేవుణ్ణీ కర్మనూ వదిలితేనే తన బతుకు తన చేతిలో ఉందని మనిషికి తెలుస్తుందన్నారు. అందుకే నాస్తికత్వం ఆయనకు గ్రామ రాజకీయమైంది. క్విట్ ఇండియా ఉద్యమంలో ఆ కుటుంబం జైలుకు వెళ్లింది. సరస్వతి పసివాణ్ణి వెంటబెట్టుకుని మరీ వెళ్లారు.

1941లో గోరా గాంధీజీకి ఉత్తరం రాసి, కలుసుకుంటానన్నారు. నాస్తికత్వ ప్రచారం ఎవరికీ ఫలించలేదనీ, మీ పని ఫలించిందంటే అది చుట్టూ ఉన్న జనానికి మనస్ఫూర్తిగా చేసిన సేవ వల్లనేననీ గాంధీజీ జవాబిచ్చారు. రమ్మని మాత్రం పిలవలేదు. 1944లో సేవాగ్రామంలో ఇద్దరూ ఎదురుపడ్డారు. దేవుడి మీద ఏకాభిప్రాయం కుదరలేదు, అస్పృశ్యత మీద కుదిరింది.

గోరా తన పెద్దకూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకు ఇచ్చి చేస్తానన్నప్పుడు, ఆ పెళ్లి సేవాగ్రామంలో చేయిద్దామని గాంధీజీ ఒప్పుకున్నారు. ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు పెట్టడానికీ సమ్మతించారు. పెళ్లినాటికి గాంధీజీ లేరు. 1948 మార్చి 13న సేవాగ్రామంలోనే ఆ పెళ్లి జరిగింది.

అంతకుముందే, 1947లో నాస్తిక కేంద్రం బెజవాడ పటమటకు మారింది. స్వరాజ్యం వచ్చాక గోరా పార్టీలు లేని ప్రజాస్వామ్యం కావాలన్నారు, తానే ఎన్నికల్లో నిలబడ్డారు. మంత్రులు ఆడంబరాలు మానాలని 1961-62లో సేవాగ్రామం నుంచి ఢిల్లీకి కాలినడకన వెళ్లారు.

1975 జులైలో గోరా చనిపోయారు. రెండేళ్లు దాటాక, 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచేసింది. సముద్రం మీదపడి వేలమంది చనిపోయారు. ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయిన ఆ నేల మీదికి సహాయానికి వెళ్లినవాళ్లలో నాస్తిక కేంద్రం మనుషులున్నారు. ముదునూరులో మొదలైన సేవ అలా ముట్నూరి పుట్టిన దివికి చేరింది.