ఆస్టరిస్క్ సర్వర్ల నవీకరణ: కాల్ వివరాల చారిత్రక పఠనం

వ్యాససంగ్రహం:
ఇంటర్నెట్ టెలిఫోన్ సర్వర్లను, వాటి డేటాబేసులను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చినప్పుడు అందులోని కాల్ వివరాలు చరిత్రరచనకు ఎంతవరకు ఆధారాలుగా నిలుస్తాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇందుకు ఆస్టరిస్క్ పరిణామాన్ని ఉదాహరణగా స్వీకరించడమైనది.

కీలకపదాలు: ఆస్టరిస్క్, డేటాబేసు, కాల్ వివరాలు, పాఠభేదం, లిపి.

1. ఉపోద్ఘాతం:
తాళపత్రాలకు ప్రతులు రాసే క్రమంలో పాఠభేదాలు ఏర్పడ్డాయి. పరిష్కర్తలు వాటిని పోల్చి పాఠనిర్ణయం చేశారు. డేటాబేసును ఒక సర్వర్ నుంచి మరొక దానికి తరలించడం కూడా ఒక విధమైన ప్రతిలేఖనమే. అయితే ఇక్కడ కొత్త ప్రతి సిద్ధం కాగానే మూలప్రతిని చెరిపివేయడం పరిపాటి. అప్పుడు భేదాన్ని గుర్తించే అవకాశమే ఉండదు.

2. ఆస్టరిస్క్ ఆవిర్భావం:
1999లో అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయ విద్యార్థి మార్క్ స్పెన్సర్ లైనక్స్ వాడుకదారులకు సహాయం అందించే సంస్థను ప్రారంభించాడు. దానికి కావలసిన టెలిఫోన్ ఎక్స్ఛేంజిని కొనే స్తోమత లేక, సాధారణ కంప్యూటరుపై పనిచేసే ఎక్స్ఛేంజిని తానే రూపొందించాడు. అదే ఆస్టరిస్క్. టెలిఫోన్ తీగలను కంప్యూటరుకు కలిపే కార్డుల విషయంలో జిమ్ డిక్సన్ కృషి దీనికి తోడైంది. ఆయన తన ప్రాజెక్టుకు మెక్సికో విప్లవనాయకుడు ఎమిలియానో జపాటా పేరు పెట్టాడు. ‘జాప్టెల్’ అనే పేరు అందులోనుంచి వచ్చినదే.

3. నామాంతరం:
ట్రేడ్‌మార్క్ వివాదం కారణంగా 2008లో జాప్టెల్ ‘దాహ్డీ’గా మారింది. కాల్ వివరాల పట్టికలో ప్రతి కాల్ ఏ మార్గంలో వచ్చిందో తెలిపే గడి ఉంటుంది. నవీకరణకు ముందు అందులో ‘జాప్’ అని నమోదైన తీగే, తర్వాత ‘దాహ్డీ’ అని నమోదవుతుంది. ఈ విషయం తెలియని పరిశోధకుడు పాత తీగను తొలగించి కొత్తది వేశారని భావించే ప్రమాదం ఉంది.

4. పట్టికల పునర్నిర్మాణం:
2013లో వెలువడిన 12వ వెర్షన్ మరింత మౌలికమైన మార్పు తెచ్చింది. అంతవరకు ఇంటర్నెట్ ఫోన్ల వ్యవహారాన్ని ‘చాన్ సిప్’ అనే విభాగం నిర్వహించేది. దానికి ప్రత్యామ్నాయంగా ‘పీజేసిప్’ వచ్చింది. 2023 నాటి 21వ వెర్షన్‌లో పాత విభాగాన్ని పూర్తిగా తొలగించారు. పూర్వం ఒక ఫోనుకు సంబంధించిన సమాచారమంతా డేటాబేసులో ఒకే వరుసలో ఇమిడేది. పీజేసిప్‌లో ఫోను లక్షణాలు, సంకేతపదం, చిరునామా వేర్వేరు పట్టికలకు చేరాయి.

అదే 12వ వెర్షన్‌లో కాల్ వివరాల నమోదు పద్ధతి కూడా మారింది. ముగ్గురు పాల్గొన్న సంభాషణలో ప్రతి జంటకూ ఒక్కొక్క వరుస ఏర్పడవచ్చు. కనుక వరుసల సంఖ్యనే కాల్‌ల సంఖ్యగా తీసుకుంటే, నవీకరణ జరిగిన నాటినుంచి సంభాషణలు పెరిగినట్లు కనిపిస్తుంది. నిజానికి పెరిగింది వరుసలు మాత్రమే.

5. లిపి సమస్య:
మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో 8.0 వెర్షన్‌కు ముందు సహజంగా అమలయ్యే లిపివిధానం లాటిన్-1. యూటీఎఫ్-8లో తెలుగు యూనికోడ్ అక్షరం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. పాత పట్టికల్లో తెలుగు పేర్లు ఉన్నచోట రెండు పరిస్థితులు సంభవించవచ్చు. బైట్లు యథాతథంగా నిలిచి, లిపి పేరు మాత్రమే తప్పుగా నమోదైతే వాటిని తిరిగి చదవవచ్చు. అక్షరాలు ప్రశ్నార్థక చిహ్నాలుగా మారి నిల్వ అయితే మాత్రం ఆ పేర్లు శాశ్వతంగా పోయినట్లే. కొత్త సర్వర్‌లో రెండూ చెడిన అక్షరాలుగానే కనిపిస్తాయి. ఏది ఉద్ధరించదగినదో తేల్చడానికి మూలప్రతి అవసరం.

6. ముగింపు:
పై పరిశీలన వల్ల సాఫ్ట్‌వేర్ నవీకరణ ఆధారాల అర్థాన్ని కూడా మార్చగలదని తెలుస్తున్నది. అందువల్ల మార్పు చేసేముందు డేటాబేసు పూర్తి ప్రతిని, అమరిక ఫైళ్లను, వెర్షన్ సంఖ్యలను, తరలింపు తేదీని కలిపి భద్రపరచాలి. వ్యక్తుల ఫోన్ నంబర్లున్న ఈ వివరాలను పరిశోధనకు ఇచ్చేటప్పుడు గోప్యతను పాటించడం తప్పనిసరి. ఈ జాగ్రత్తలు లేనిచోట, భావి చరిత్రకారుడు యంత్రంలో వచ్చిన మార్పును సమాజంలో వచ్చిన మార్పుగా రాసే అవకాశం ఉంది.