కుశలమూ, ఓకే

చాలా ఏళ్ల క్రిందట, పటాన్‌చెరు పారిశ్రామికవాడలో పనికి కుదిరిన నా పూర్వవిద్యార్థి ఒకడు, ఒక సాయంత్రం సంగారెడ్డిలోని మా ఇంటికి వచ్చాడు. "సార్, ‘లెట్స్ కాల్ ఇట్ ఎ డే’ అంటే ఏంది?" అని అడిగాడు. యంత్రాలు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు ఆ మాట అని చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడట. వీడేమో ‘దీన్ని పగలు అని పిలుద్దాం’ అని అన్వయించుకుని, పగటి పని ఇంకా మిగిలి ఉన్నదేమోనని గంటసేపు యంత్రం దగ్గరే నిలబడ్డాడట. తోటివారు నవ్వారు. అర్థం తెలియనందుకు కాదు, ఆ నవ్వుకు వాడు బాధపడ్డాడు.

నిఘంటువు తీశాను. కాల్ అంటే పిలుచు, డే అంటే దినము. ప్రతిపదార్థం కుదిరింది, తాత్పర్యం కుదరలేదు! పద్యాలకు అన్వయం చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి, ఆ పూట వాడికి జవాబు చెప్పలేకపోయాను. మరునాడు మా ఇంగ్లీషు మాస్టారు, ‘ఈ రోజుకు పని చాలిద్దాం’ అని తేల్చారు.

నిజానికి మన ఆలంకారికులకు ఇది కొత్త సంగతి కాదు. మమ్మటుడు కావ్యప్రకాశంలో రూఢిలక్షణకు ‘కుశలుడు’ అన్న మాటనే ఉదాహరించాడు. దర్భలను కోసి తెచ్చేవాడని వ్యుత్పత్తి. వేలు తెగకుండా దర్భ కోయడానికి నేర్పు కావాలి గదా! కాలక్రమాన నేర్పు మిగిలింది, దర్భ రాలిపోయింది.

‘ఓకే’ చరిత్ర ఇంకా విచిత్రం. ‘ఆల్ కరెక్ట్’ను కావాలనే ‘ఓల్ కొరెక్ట్’ అని తప్పుగా రాసి, దానికి పొడి అక్షరాలు కట్టడం ఆనాటి అమెరికా పత్రికల వేడుక. 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్‌లో అది అచ్చయింది. మరుసటి ఏడు అధ్యక్ష ఎన్నికలలో, కిండర్‌హుక్ ఊరివాడైన వాన్ బ్యూరెన్‌ను ఆయన పక్షంవారు ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అన్నారు. ఆ రెండక్షరాలూ వీధికెక్కాయి. ఈ పుట్టుకను 1960లలో అలెన్ వాకర్ రీడ్ అనే పండితుడు వెలికితీశాడు. వర్ణక్రమదోషాల మీద నా సర్వీసంతా ఎర్రసిరా ఒలకబోసిన నేను, రోజుకు పదిసార్లు ఆ దోషాన్నే పలుకుతున్నానన్నమాట.

మన మాటల ముందు తెల్లవారూ ఇలాగే తికమకపడ్డారు. 1820లో కడప చేరిన బ్రౌన్, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువరించాక కూడా, తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకోసం 1854లో మిశ్రభాషా నిఘంటువును వేరుగా ప్రకటించవలసివచ్చింది. కావ్యాలు మాత్రమే చదివినవాడికి కచేరీ కాగితం అర్థం కాదు. ఇక పీర్ల పండుగనాడు ‘యా హసన్, యా హుసేన్’ అన్న ఆక్రందన ఆంగ్ల సిపాయిల చెవిలో పడి ‘హాబ్సన్-జాబ్సన్’ అయి కూర్చుంది. యూల్, బర్నెల్ అనే ఇద్దరు 1886లో తమ ఆంగ్లో-ఇండియన్ పదకోశానికి ఆ పేరే పెట్టారు.

తరువాత ఎప్పుడో కలిసినప్పుడు ఈ కథ వాడికి చెప్పాను. మా సంగారెడ్డి వీధుల్లో పీర్లు లేస్తుంటే చూస్తూ పెరిగినవాడు కదా, పగలబడి నవ్వాడు.

"అంటే సార్, దొరలకు గూడ మన మాట సమజ్ గాలేదన్నట్టు!"