టార్చిలైటు అద్దం మీది పూత: ఒక చరిత్ర

శక్తిమంతమైన టార్చిలైటు అద్దాన్ని వెలుతురులో కాస్త ఏటవాలుగా పట్టుకుంటే దాని మీద ఊదా రంగో లేత ఆకుపచ్చో తళుక్కుమంటుంది. అది గాజు రంగు కాదు, గాజు మీది పూత రంగు. మామూలు గాజు తన మీద నిటారుగా పడిన కాంతిలో సుమారు 4 శాతాన్ని వెనక్కి తిప్పేస్తుంది. అద్దానికి లోపలి ముఖం, బయటి ముఖం రెండూ ఉంటాయి కాబట్టి బల్బు నుంచి బయల్దేరిన కాంతిలో 92 శాతమే బయటపడుతుంది. ఈ నష్టాన్ని తగ్గించడానికి వేసే పూత మందం మిల్లీమీటరులో దాదాపు పదివేలో వంతు. ఇంత పలచని పొరను కనిపెట్టడానికి శాస్త్రవేత్తలు ఎంత శ్రమపడ్డారో, అది చెరిగిపోకుండా నిలబెట్టడానికీ అంతే శ్రమపడ్డారు. అద్దాన్ని తుడిచే పద్ధతులు మాత్రం పూత కన్నా పాతవి.

ఆ పద్ధతులు మొదట స్థిరపడింది లైట్‌హౌసుల్లో. ఫ్రాన్సులో జిరోండ్ నది సముద్రంలో కలిసేచోట ఉన్న కోర్దువాన్ లైట్‌హౌసులో 1823లో అగస్టిన్ ఫ్రెనెల్ రూపొందించిన కటకాన్ని మొదటిసారి వెలిగించారు. పట్టకాలను వలయాలుగా పేర్చి కట్టిన ఆ కటకం నూనెదీపపు వెలుగును ఒక్క దిక్కుకు మళ్లించి సముద్రం మీద ఎంతో దూరం పంపేది. దీపం నూనెది కావడంతో రాత్రంతా మసి పట్టేది. పట్టకాల సందుల్లో దుమ్ము చేరేది. అందుకే లైట్‌హౌసు కాపరి పనిలో దీపం వెలిగించడం కన్నా గాజును చూసుకోవడమే పెద్ద పని అయింది.

19వ శతాబ్దంలో అమెరికా లైట్‌హౌసుల బోర్డు కాపరులకు ఇచ్చిన సూచనలు దీన్ని ఎంత పట్టింపుగా చూశారో చెబుతాయి. కటకం దగ్గరికి వెళ్లేముందు కాపరి నారబట్ట ఏప్రాను కట్టుకోవాలి. చొక్కా గుండీలు, ముతక బట్ట గాజుకు తగిలి గీతలు పెట్టకుండా ఈ జాగ్రత్త. ముందుగా ఈకల కుంచెతో దుమ్ము దులపాలి. తర్వాత మెత్తటి నారగుడ్డతో తుడవాలి. చివరగా మెత్తటి తోలుతో మెరుగు పెట్టాలి. నూనె మరక ఉంటే గుడ్డను స్పిరిట్‌తో తడిపి ఆ మరక వరకే తుడవాలి. రెండు నెలలకోసారి కటకమంతా స్పిరిట్‌తో కడగాలి. రూజ్ అనే ఎర్రటి ఇనుప ఆక్సైడు పొడితో మెరుగు పెట్టడం ఏడాదికి ఒక్కసారే. పగటిపూట ఎండ కటకం మీద పడకుండా చుట్టూ తెరలు దించి ఉంచాలి. ఈ వరుసలో ఒక క్రమం ఉంది. అన్నిటికన్నా సున్నితమైన పని ముందు, గాజును అరగదీసే పని అన్నిటికన్నా చివర, అదీ ఎప్పుడో ఒకసారి.

గాజు మచ్చలేకుండా ఉంటేనే మంచిదన్న నమ్మకానికి ఎదురుపోయే విషయం ఒకటి ఆ శతాబ్దం చివర్లో బయటపడింది. పాతబడి, పైన పలచని మసక పొర కట్టిన గాజు కొత్త గాజు కన్నా తక్కువ కాంతిని వెనక్కి తిప్పుతోందని 1886లో ఇంగ్లండుకు చెందిన లార్డ్ రేలీ గమనించాడు. యార్క్ నగరంలో దుర్భిణుల తయారీ సంస్థలో పనిచేసే డెన్నిస్ టేలర్ 1892లో అదే సంగతి గుర్తించాడు. మరకపట్టిందని జనం పారేసే కటకమే ఎక్కువ వెలుగునిస్తోంది. గాలి వల్ల, తేమ వల్ల గాజు పైపొరలోంచి కొన్ని పదార్థాలు కరిగిపోయి, మిగిలిన పొర గాలికీ గాజుకూ మధ్య మెట్టులా పనిచేస్తోంది. టేలర్ రసాయనాలతో గాజును కావాలని అలా పాతబరిచే పద్ధతికి 1904లో పేటెంటు తీసుకున్నాడు. అయితే ఒక రకం గాజుకు కుదిరిన మందు మరో రకానికి కుదరలేదు. ఫలితం నిలకడగా రాకపోవడంతో ఆ పద్ధతి వాడుకలోకి విస్తరించలేదు.

దారి దొరికింది శూన్యంలో. గాలి తీసేసిన గదిలో ఒక ఖనిజాన్ని కాచి ఆవిరి చేస్తే అది ఎదురుగా ఉన్న గాజు మీద సమానంగా పేరుకుంటుంది. జర్మనీలో జైస్ సంస్థకు పనిచేసిన అలెగ్జాండర్ స్మకులా 1935లో ఈ పద్ధతికి పేటెంటు పొందాడు. అది సైనిక రహస్యం కావడంతో బయటి ప్రపంచానికి తెలియలేదు. 1936లో అమెరికాలోని కాల్‌టెక్‌లో జాన్ స్ట్రాంగ్ ఇదే పనిని కాల్షియం ఫ్లోరైడుతో చేసి చూపించాడు. 1938లో జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధకురాలు కేథరిన్ బ్లాడ్జెట్ మరో దారిలో నడిచింది. నీటి మీద తేలే బేరియం స్టియరేటు పొరలోకి గాజును మళ్లీమళ్లీ ముంచి తీస్తూ ఒక్కొక్క అణువు మందంతో 44 పొరలు ఎక్కించింది. దాంతో గాజు తన మీద పడిన కాంతిని దాదాపుగా అంతా లోపలికి పోనిచ్చింది. కానీ ఆ పూత వేలితో రుద్దితే చెరిగిపోయేది.

పూత పనిచేయాలంటే రెండు అంశాలు కలవాలి. పూత మందం కాంతి తరంగం పొడవులో నాలుగో వంతు ఉండాలి. అప్పుడు పూత పైముఖం నుంచి, కిందిముఖం నుంచి తిరిగొచ్చే రెండు తరంగాలు సగం తరంగం తేడాతో కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పూత పదార్థపు వక్రీభవన గుణకం, అంటే కాంతిని వంచే గుణానికి కొలత, కూడా గాలికీ గాజుకూ నడుమ ఉండాలి. 1.5 గుణకం ఉన్న గాజుకు 1.22 ఆదర్శం. అంత తక్కువ గుణకం ఉన్న గట్టి పదార్థం దొరకదు. 1.38 ఉన్న మెగ్నీషియం ఫ్లోరైడు దగ్గరగా వస్తుంది, గట్టిగానూ ఉంటుంది. దాంతో 4 శాతం ప్రతిఫలనం సుమారు ఒకటిన్నర శాతానికి దిగుతుంది.

రెండో ప్రపంచయుద్ధం ఈ పూతను కర్మాగారాల్లోకి తెచ్చింది. బైనాక్యులర్‌లో గాలికి తగిలే గాజు ముఖాలు పది దాకా ఉంటాయి. పూత లేకపోతే అందులోకి వెళ్లిన కాంతిలో మూడింట రెండు వంతులే కంటికి చేరుతుంది. పూత ఉంటే 85 శాతానికి పైగా చేరుతుంది. రాత్రివేళ సముద్రం మీద కాపలా కాసేవాళ్లకు ఈ తేడా ప్రాణానికి సంబంధించింది. తొలి రోజుల పూతలు మెత్తగా ఉండి తుడుపుకు చెరిగిపోయేవి. అందుకే వాటిని ఎక్కువగా లోపలి ముఖాలకే వేసేవారు. శూన్యంలో గాజును బాగా వేడిచేసి, ఆ వేడి మీదనే మెగ్నీషియం ఫ్లోరైడు ఎక్కిస్తే పూత గట్టిపడి గాజును అంటిపెట్టుకుంటుందని తేలాక, బయటి ముఖానికీ భయం లేకుండా వేయగలిగారు. ఆ తర్వాతి దశ ఒకదాని మీద ఒకటిగా అనేక పూతలు. 1971లో పెంటాక్స్ తన కెమెరా లెన్సులతో ఆ పద్ధతిని మామూలు కొనుగోలుదారుల దగ్గరికి చేర్చింది.

ఈ కాలమంతా టార్చిలైటుకు పూత అక్కర్లేకపోయింది. న్యూయార్క్‌లో డేవిడ్ మిసెల్ 1899లో పేటెంటు పొందిన తొలి టార్చి కాగితపు గొట్టంలో బ్యాటరీలు పేర్చినది. దాని వెలుగు కాసేపు మెరిసి ఆగేది. బల్బు తంతువు మెరుగుపడ్డా, బ్యాటరీ బలం పెరిగినా, అద్దం వల్ల పోయే 8 శాతం గురించి పట్టించుకునేంత వెలుగు ఉండేది కాదు. తెలుగు పల్లెల్లో రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటారు వేయడానికి పొలానికి వెళ్లే రైతు చేతిలోని టార్చి కూడా ఈ కోవదే. ముందు మూత మర తిప్పి, అద్దం తీసి, పైపంచె కొసతో తుడిచి మళ్లీ బిగించేవారు. పూతలేని గాజు కాబట్టి దానికి పెద్దగా నష్టం కలిగేది కాదు. 1979లో అమెరికాలో వచ్చిన మ్యాగ్‌లైట్ లాంటి అల్యూమినియం టార్చిల్లో గాజుకు బదులు ప్లాస్టిక్ అద్దం వాడారు. అది పగలదు గానీ గీతలు తొందరగా పడతాయి.

ఎల్‌ఈడీలు ఈ లెక్క మార్చాయి. నీలి ఎల్‌ఈడీని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ నీలి కాంతి ఆధారంగా పుట్టిన తెల్ల ఎల్‌ఈడీలు, లిథియం అయాన్ బ్యాటరీలు కలిసి అరచేతిలో ఇమిడే టార్చికి వేల ల్యూమెన్ల వెలుగునిచ్చాయి. అప్పుడు ఒక్కో శాతం వెలుగుకూ విలువ పెరిగింది. తయారీదారులు పూత వేసిన గట్టి గాజును బిగించడం మొదలుపెట్టారు. 92 శాతం 98కి పెరిగింది.

ఆ ఆరు శాతం లాభాన్ని ఒక వేలిముద్ర హరించగలదు. పూత పనిచేసేది దాని మందం వల్ల. పైన జిడ్డు చేరితే ఆ మందం లెక్క తప్పుతుంది. అందుకే పూతగాజు మీద వేలిముద్ర మామూలు గాజు మీద కన్నా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దుమ్ముతో ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇసుకరేణువు కాఠిన్యం మోస్ కొలమానంలో 7. మెగ్నీషియం ఫ్లోరైడుది సుమారు 6. గాజుది అంతకన్నా కాస్త తక్కువ. పొడిగుడ్డతో రుద్దితే ఆ రేణువు గుడ్డకింద ఉలిలా పనిచేస్తుంది.

కాబట్టి లైట్‌హౌసు కాపరుల క్రమమే నేటికీ చెల్లుతోంది. మారింది సామగ్రి మాత్రమే. ఈకల కుంచె స్థానంలో రబ్బరు ఊదుడుబుడ్డి, మెత్తటి కుంచె వచ్చాయి. వాటితో దుమ్మంతా పోయాకే గుడ్డ తాకించాలి. నార, తోలు స్థానంలో మైక్రోఫైబర్ గుడ్డ వచ్చింది. దాని సన్నని పోగులు జిడ్డును తమలోకి లాక్కుంటాయి. స్పిరిట్ స్థానంలో లెన్సు ద్రావకమో ఐసోప్రొపైల్ ఆల్కహాలో వచ్చింది. దాన్ని అద్దం మీద పోయకుండా గుడ్డ మీద రెండు చుక్కలు వేసి, ఒత్తకుండా మధ్య నుంచి అంచుకు తుడవాలి. అమ్మోనియా కలిసిన కిటికీ ద్రావకం ప్లాస్టిక్ అద్దాన్ని పాడుచేస్తుంది.

కొన్ని జాగ్రత్తలు మాత్రం ఎల్‌ఈడీ టార్చితోనే పుట్టాయి. పూర్తి వెలుగులో వాడిన వెంటనే అద్దం వేడిగా ఉంటుంది. చల్లారాకే తుడవాలి. వేడి గాజు మీద చన్నీళ్లు పడితే పగలవచ్చు. వెలుగుతున్న టార్చిని బోర్లా పెడితే అద్దానికి అంటిన దుమ్ము, జిడ్డు మాడి అతుక్కుంటాయి. లోపలి ప్రతిఫలకం మీద ఉన్నది శూన్యంలోనే ఎక్కించిన అల్యూమినియం పొర. అది అద్దం పూత కన్నా చాలా మెత్తన. దాన్ని గుడ్డతో తాకకుండా గాలి ఊది వదిలేయాలి.

గీతలు పడిన పూతను టూత్‌పేస్టుతోనో మెరుగుపొడితోనో తోమితే గీతతోపాటు పూత కూడా పోతుంది. మిగిలిన చోట్ల పూత బాగున్నంత వరకు ఒకటి రెండు సన్నని గీతలు వెలుగును చెప్పుకోదగ్గంతగా తగ్గించవు. పూత మచ్చలుమచ్చలుగా ఊడిపోయినప్పుడు ఇంట్లో చేయగలిగిన మరమ్మతు లేదు. అదే కొలతలో కొత్త అద్దం తెచ్చి బిగించుకోవడమే మార్గం.