వేటగుర్రాల మీద పుట్టిన జోధ్‌పూర్ ప్యాంటు

గుర్రమెక్కి తొలిసారి వేటకు బయల్దేరే మనిషి కోటు గురించి, టోపీ గురించి ఎంతైనా ఆలోచించవచ్చు. రోజంతా జీను మీద నిలబెట్టేది మాత్రం ప్యాంటే. గుర్రాన్ని రౌతు తొడలతో, మోకాళ్ళతో పట్టుకుంటాడు. గుడ్డ బిగుతుగా ఉంటే మోకాలు వంగదు. వదులుగా ఉంటే మడతలు పడి, జీనుకు ఒరుసుకుని, చర్మం లేచిపోతుంది. సాగే గుడ్డలు లేని రోజుల్లో ఈ చిక్కును విప్పిన దుస్తు మన దేశంలోనే, మార్వాడ్ రాజధాని జోధ్‌పూర్‌లో రూపుదిద్దుకుంది. ప్రపంచమంతా దాన్ని ఆ ఊరి పేరుతోనే పిలుస్తుంది.

19వ శతాబ్దంలో రాజపుత్రులకూ, బ్రిటిష్ సైనికాధికారులకూ అడవిపంది వేట అంటే వల్లమాలిన మోజు. పందిని గుర్రాల మీద తరిమి బల్లెంతో పొడిచేవారు. ఆ తర్వాత స్కౌట్ ఉద్యమాన్ని స్థాపించిన బేడెన్ పావెల్ 1889లో ఈ వేట మీదే ఒక పుస్తకం రాశాడు. ఆంగ్లేయులు మోకాలి కిందివరకే ఉండే బ్రీచెస్ వేసుకుని, దాని మీద మోకాలిదాకా తోలు బూట్లు తొడిగేవారు. చలిదేశానికి అది బాగానే ఉంటుంది గానీ, మార్వాడ్ ఎండలో ఆ బూట్లతో తిరగడం నరకం. స్థానికులకు పిక్కల దగ్గర బిగిసి, పైన వదులుగా ఉండే చుడీదార్ అలవాటు. ఈ రెండింటి కలయికే జోధ్‌పూర్ ప్యాంటు.

దీన్ని రూపొందించిన ఘనత సర్ ప్రతాప్ సింగ్‌కు దక్కింది. 1845లో పుట్టిన ఈయన జోధ్‌పూర్ మహారాజా తఖ్త్ సింగ్ కుమారుడు, పేరుమోసిన రౌతు, పోలో ఆటగాడు. ఆ ప్యాంటు తుంటి నుంచి మోకాలిదాకా రెండు పక్కలా ఉబ్బి ఉంటుంది. అది సోకు కోసం కాదు. కూర్చున్నా, రికాబుల మీద లేచినా కాలు వంగడానికి చోటివ్వడానికే. మోకాలి కింద చీలమండదాకా గుడ్డ కాలికి అతుక్కుంటుంది. దాంతో పొడవు బూట్ల అవసరం తప్పి, చీలమండదాకా వచ్చే పొట్టి బూట్లు సరిపోయాయి. జీనుకు రాసుకునే మోకాలి లోపలివైపు మరో పొర మందపాటి గుడ్డో, తోలో వేసి కుట్టేవారు.

1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవాలకు ప్రతాప్ సింగ్ లండన్ వెళ్ళాడు. ఆయన సామాను తెస్తున్న ఓడ మునిగిపోయిందని, ఒంటిమీదున్న ప్యాంటునే నమూనాగా ఇచ్చి అక్కడి దర్జీ చేత మరికొన్ని కుట్టించుకోవలసి వచ్చిందని, ఆ ప్యాంటు కత్తిరింపు గుట్టు అలా బయటపడిందని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ ఎలా ఉన్నా, ఆ తర్వాత లండన్ దర్జీలు వీటిని కుట్టి అమ్మారు, ఇంగ్లాండు రౌతులు ఇష్టంగా తొడిగారు. పొడవాటి గౌన్లతో ఒకపక్కకు కూర్చుని స్వారీ చేసిన స్త్రీలు 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో క్రమంగా రెండుపక్కలా కాళ్ళు వేసి కూర్చోవడం మొదలుపెట్టినప్పుడు వారికీ ఇవి అక్కరకొచ్చాయి. సాగే గుడ్డలు వచ్చాక ఉబ్బు అక్కర్లేకపోయింది. నేటి స్వారీ ప్యాంట్లు కాలికి అంటుకుని ఉంటాయి, పేరు మాత్రం జోధ్‌పూర్‌దే.

సరదాకు వన్యప్రాణులను వేటాడటం నేడు మన దేశంలో నేరం. ఆ నిషేధం న్యాయం కూడా. స్వారీ మాత్రం మిగిలింది. మీరు తొలిసారి గుర్రమెక్కబోతుంటే జీన్స్ వేసుకోకండి. దాని లోపలి మందపాటి కుట్టు తొడను కోసేస్తుంది. లోపలివైపు కుట్టు గుచ్చుకోని స్వారీ ప్యాంటు, రికాబులోంచి పాదం జారిపోకుండా కాస్త మడమ ఉన్న బూట్లు, తలకు సరిపోయే హెల్మెట్ తప్పనిసరి. మిగతావన్నీ ఆ తర్వాతే.