విశాఖపట్టణపు రేవులో నౌకాయుద్ధము: కాప్టెన్ జేమ్స్ లిండ్

తెలుగుదేశ చరిత్రలో భూమిపై జరిగిన యుద్ధములకు గల ప్రసిద్ధి సముద్రముపై జరిగినవానికి లేదు. చందుర్తి యుద్ధమును (1758), పద్మనాభయుద్ధమును (1794) పెక్కండ్రెఱుగుదురు. 1804 సెప్టెంబరు 15వ తేదీన విశాఖపట్టణపు రేవులో ఆంగ్లేయులకును ఫ్రెంచివారికిని జరిగిన పోరును స్మరించువారు మాత్రము కొలదిమంది.

1803లో ఐరోపాయందు యుద్ధము తిరిగి ఆరంభమైన పిదప ఫ్రెంచి నౌకాధిపతి లినువా హిందూ మహాసముద్రమున ఆంగ్లేయుల వర్తక నౌకలను వేటాడుచుండెను. 1801లో అల్జెసిరాస్ వద్ద గెలిచి కీర్తి గడించిన ఈతడు, 1804 ఫిబ్రవరిలో పులో ఔరా కడ వర్తక నౌకల బారును చూచి యుద్ధనౌకలని భ్రమించి వెనుదిరిగి అపకీర్తి పాలయ్యెను. విశాఖకు వచ్చునాటికి ఆతని వెంట 74 ఫిరంగుల మారెంగోయు, అటలాంట్, సెమియాంట్ అను రెండు ఫ్రిగేటులును గలవు.

రేవులో వారి కెదురైనది 50 ఫిరంగుల సెంచూరియన్ ఒక్కటే. బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్ అను రెండు వర్తక నౌకలను కాపాడుట దాని విధి. అప్పుడు దానికి అధిపతియైన కాప్టెన్ జేమ్స్ లిండ్ ఒడ్డున నుండెను. ఆ కాలమున విశాఖకు మూసిన రేవు లేదు. ఓడలు తీరమునకు దూరముగ లంగరు వేయగా, మనుష్యులును సరకులును పడవలపై అలలు దాటవలసి యుండెను. కావున తొలి పోరు నడపు భారము లెఫ్టినెంట్ ఫిలిప్స్‌పై బడెను. లిండ్ తరువాత ఓడ చేరి, దానిని లోతు తక్కువగు నీటికి జరిపి పోరాడెను. పెద్ద ఓడయగు మారెంగో అంత దగ్గఱకు రాజాలక దూరమునుండియే కాల్చవలసి వచ్చెను. సెంచూరియన్‌లో ఒకడు మరణించెను, తొమ్మండుగురు గాయపడిరి. ఓడ మాత్రము లొంగలేదు.

ఇది విజయమా? బార్నబీ తీరమున కొట్టుకొని పగిలిపోయెను. ప్రిన్సెస్ షార్లెట్ శత్రువుల చేజిక్కెను. రక్షింపవలసిన రెండు నౌకలును పోయినవి. రక్షించు నౌక మాత్రము మిగిలినది. బలవంతుడగు శత్రువునకు లొంగకుండుట శ్లాఘ్యమే. అయినను విధి దృష్టితో చూచినచో ఆ శ్లాఘ అసంపూర్ణము. అందును కొంత పాలు లిండ్‌కు ముందు నిలిచిన ఫిలిప్స్‌కును, కొంత తీరపు నిస్సారజలమునకును చెందవలెను. ఒక నాయకుని పేరుతో నిలిచిన కీర్తిలో పలువురి శ్రమయు, స్థలస్వభావమును కలిసియుండునని ఈ యుద్ధము తెలుపుచున్నది.

లినువా 1806 మార్చిలో ఆంగ్లేయులకు బందీయయ్యెను. సెంచూరియన్ 1824లో హాలిఫాక్స్ వద్ద మునిగిపోయెను. విశాఖకు గాలివానలనుండి కాపాడు లోపలి రేవు 1933లో గాని ఏర్పడలేదు. ఆ రేవునకు ప్రవేశద్వారమున నిలిచిన డాల్ఫిన్స్ నోస్ కొండ ఎదుటి కడలిలోనే ఈ పోరు జరిగినదని స్మరించుట మన స్థానిక చరిత్రకు ఉచితము.